బుల్లెమ్మ పెట్టిన బొట్టు

శుక్రవారం పొద్దున్నే బుల్లెమ్మ తను వంట చేసే కువైటీల ఇంటినుంచి బస్సెక్కి, ఫర్వానియాలో మొగుడు చినబాబు గదికి వచ్చేస్తుంది. వారానికి దొరికే ఆ ఒక్క సెలవులో గది ఊడ్చి, చేపల పులుసు పెట్టి, చినబాబు కొత్తగా ఏది కొన్నా దానికి పసుపు రాసి బొట్టు పెడితేగాని కూర్చోదు. దువ్వెనైనా సరే, బొట్టు లేకుండా వాడకంలోకి రావడానికి వీల్లేదు.

ఆవిడ బొట్టుకో గుణం ఉంది. ఒక వస్తువుకి పెడితే, దానితోపాటు ఒకే పూట తయారైన తోబుట్టువులన్నిటికీ, అవి ఎక్కడున్నా సరే, అదే చోట బొట్టు పడుతుంది. కిందటేడు స్టీలు గ్లాసుకి పెడితే, కింది కిరాణా కొట్టతను తన అరలోని నలభై గ్లాసులూ తుడుచుకోవలసి వచ్చింది. "మీ ఆవిడ వచ్చినట్టుందే" అని గుడ్డ అందుకున్నాడు, అంతే.

ఆ శుక్రవారం కొత్త వస్తువు బ్రేకు లివరు. చినబాబు ఒక హోటలు పార్సిళ్లు బైకు మీద ఇళ్లకు చేరవేస్తాడు. పాత లివరు వంగిపోతే, సగం ధరకే వస్తోందని ఆన్‌లైన్ షాపులో తెప్పించాడు. బుల్లెమ్మ దాని మెడ మీద నిండుగా బొట్టు పెట్టాకే బైకుకి బిగించనిచ్చింది.

సోమవారం సిగ్నలు దగ్గర గట్టిగా నొక్కేసరికి ఆ లివరు విరిగి చేతిలోకి వచ్చింది. ముందున్న కారు బంపరు సొట్టపోయింది. మనుషులకేమీ కాలేదు గాని, హోటలు మేనేజరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. తప్పు సామానుదే అయితే, డబ్బు వాపసిస్తూ ఆ షాపువాళ్లే ఒప్పుకున్న కాయితం గురువారంలోగా తెమ్మన్నాడు. తేకపోతే ఖలాస్, ఉద్యోగంతోపాటు ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కూడా రద్దు అన్నాడు. చినబాబుకి లివరు డబ్బు పోతే పోయింది. ఆ కాయితం రాకపోతే బుల్లెమ్మని ఈ దేశంలో ఒంటరిగా వదిలి విమానం ఎక్కాలి. ఆ దిగులుకి అన్నం సయించలేదు.

ముక్కలు తిప్పి పంపితే బుధవారానికి జవాబొచ్చింది. సరుకు మీద ఎర్ర మరక ఉంది కాబట్టి వాడిన సరుకు కింద లెక్క, వాపసు కుదరదట.

బుల్లెమ్మ ఫోన్లోనే ఏడ్చేసింది. "నా బొట్టే మీ ఉద్యోగానికి ఎసరు పెట్టిందండీ."

"నువ్వూరుకోవే. రేపు నేనే వెళ్లి అడుగుతాను," అన్నాడు చినబాబు.

గురువారం ఉదయం షువైఖ్‌లో ఉన్న ఆ షాపు గోడౌనుకి వెళ్లాడు. వాపసుల కిటికీ వెనక సూర్యకిరణ్ అనే విజయవాడ ఆయన ఉన్నాడు. తెలుగు మాట వినగానే చినబాబుకి సగం బరువు దిగింది. ఆయన మర్యాదస్తుడే, కాకపోతే రూళ్లు దాటి ఒక్క అడుగు వెయ్యడు.

"అది కుంకుమేనని నాకూ తెలుసండీ. కానీ మరకుంటే వాడినట్టేనని రాసుంది. పైగా ఈ లివర్ల మీద ఇంకెవరూ కంప్లైంటు ఇవ్వలేదు."

"ఆయ్, అయితే ఓసారి మీ దగ్గరున్నయ్యి తీసి చూడండి. మా ఆవిడ పెట్టిందంటే ఒక్కదాంతో ఆగదండి."

"అలాంటి చేతులు ఉంటాయి లెండి," అని సూర్యకిరణ్ లోపల్నుంచి అట్టపెట్టె తెచ్చాడు. సీలు తీయని కవర్లు అరవై మూడు. ప్రతి కవర్లోనూ లివరు మెడ మీద నిండు బొట్టు. ఒకటి చింపి, పట్టుకుని నొక్కి చూశాడు. చేగోడీలా విరిగింది. రెండోదీ అంతే. మూడోది విరిగేసరికి ఆయన మొహం పాలిపోయింది.

"సీలున్న సరుకుని వాడిందని ఎలా రాయను?" అని గొణుక్కుంటూ, లోపం సరుకుదేనని, డబ్బు వాపసిస్తున్నామని రాసి స్టాంపు గుద్ది ఇచ్చాడు. చినబాబు ఆ కాయితాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. బుల్లెమ్మకి ఫోను కలుపుతూ బయటికొచ్చాడు.

గోడౌను ముందు షాపు డెలివరీ బైకులు బయల్దేరుతున్నాయి. చొక్కా మీద భీమరాజు అని పేరున్న మనిషి బండి స్టార్టు చేశాడు. అతని బ్రేకు లివరు మీద ఎర్రగా బొట్టు. చినబాబు ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, రెండో చేత్తో బండి తాళం లాగేసుకున్నాడు.

"ఏంటి గురూగారూ, జహ్రా దాకా వెళ్లాలి. లేటైతే జీతం కోస్తారు."

"ఈ మరక ఎప్పట్నుంచండి?"

"శుక్రవారం నుంచి. గరుకు లోహం కదా, ఎంత తుడిచినా పోలేదు. మా స్టోరు సరుకే, కొత్తగా వేశారు."

చినబాబు ఆ లివరు పట్టుకుని గట్టిగా నొక్కాడు. ముక్క కింద పడింది. భీమరాజు దాన్నీ, అవతల రోడ్డు మీద దూసుకుపోతున్న ట్రైలర్లనీ మార్చి మార్చి చూసి, అక్కడే గట్టు మీద కూలబడ్డాడు.

"ఏమండీ, ఉద్యోగం ఉన్నట్టేనా?" ఫోన్లో బుల్లెమ్మ అడిగింది.

"ఉందే. ఇంకో మనిషి కూడా మిగిలాడు."

సూర్యకిరణ్ మిగతా బైకుల్నీ ఆపించి, ఆ లివరు కొన్న రెండు వందల మందికీ ఫోన్లు మొదలెట్టాడు. లివరు మీద ఎర్ర మచ్చ ఉందా అని అడిగితే చాలు, ఉందని అందరూ చెప్పారు. ఎక్కడున్నవాళ్లు అక్కడే బళ్లు ఆపేశారు. తర్వాత పై ఆఫీసుకి పంపే ఫారం తీశాడు. చివరి గడి, గాయపడినవారి వివరాలు. అక్కడ ఆయన కలం ఆగింది. తలెత్తి చూస్తే, చినబాబు తెచ్చిచ్చిన టీ తాగుతూ భీమరాజు జీతం కోత గురించి ఇంకా సణుగుతూనే ఉన్నాడు. సూర్యకిరణ్ ఆ గడిలో 'ఎవరూ లేరు' అని రాశాడు.