సూర్యం బాబాయి నుదుట

నలభై ఒక్కమంది మా ముందుగదిలో కాపురం ఉంటున్నారు. అందరూ యుద్ధవిమానాలు నడిపినవాళ్లే, అందరూ పోయినవాళ్లే. ఒక్కరి పేరూ ఏ వీధికీ పెట్టలేదు. రైల్వే స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా రిటైరైన దగ్గర్నుంచి వాళ్ల బొమ్మలు వేయడం, కింద నాలుగు పాదాల కవిత రాయడం నా పని. ఈ ఉషారాణికి పిచ్చి పట్టిందని నెహ్రూ నగర్‌లో మా వీధివాళ్ల అనుమానం. పడితే పట్టింది, వాళ్ల సొమ్మేం పోయింది!

మధ్యాహ్నం అన్నానికి కూర్చుంటే నలభై ఒక్క జతల కళ్లు నా కంచంలోకే చూస్తాయి. అలా చూడకండర్రా, ముద్ద దిగడం లేదని కసురుకుంటాను. ఒక్కోసారి గదిలో పెట్రోలు వాసన వేస్తుంది. మాకు స్కూటరైనా లేదు. భయం వేస్తుంది, అబద్ధమెందుకు.

బొమ్మ పూర్తవగానే ఉంగరపు వేలితో నుదుట కుంకుమ పెడతాను. పోయినవాళ్ల ఫొటోకి మన ఇళ్లలో పెట్టేదే. వీళ్లకి ఆ మాత్రం చేసే దిక్కు కూడా లేదు కదా.

నలభై రెండో బొమ్మ పక్కింటి లక్ష్మీనరసమ్మ పిన్ని భర్త సూర్యం బాబాయిది. లోకో షెడ్ ఫిట్టర్ కొడుకు. డెబ్భై ఒకటి యుద్ధంలో విమానం ఎక్కి వెళ్లాడు, తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు, కబురూ లేదు. పిన్నికప్పుడు పద్దెనిమిదేళ్లు. ఇప్పటికీ పుస్తెలు తీయలేదు, రూపాయి కాసంత కుంకుమబొట్టు మానలేదు. ఆయన పోయాడన్న మాట ఆవిడ ముందు ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. పెళ్లిఫొటో ఇచ్చి, ఆయన్ని ఉన్నవాడిలాగే వెయ్యమని ఒక్కటే కోరింది. శుక్రవారం పొద్దున్న వచ్చి తీసుకుంటానంది.

శుక్రవారం పొద్దున్నే కవిత చివరి పాదం రాసి లేచాను. అలవాటుపడిన వేలు దానంతటదే కుంకుమభరిణెలోకి పోయింది. పెట్టాక గానీ ఏం చేశానో తెలియలేదు. నా చెయ్యి విరగ! తడిగుడ్డతో తుడిస్తే అది కాగితంలోకి ఇంకి, దెబ్బ తగిలినట్టు నుదురంతా ఎర్రగా పరుచుకుంది. యాభై ఏళ్లకి పైగా ఒక మనిషి బతికించుకున్నవాణ్ని నేను ఒక్క వేలితో చంపేశాను. గోడమీద నలభై ఒక్కమందీ జరిగి అతనికి చోటిచ్చినట్టనిపించింది.

బొమ్మ దాచేలోపే పిన్ని వచ్చేసింది. నా చేతిలోంచి తీసుకుని చాలాసేపు చూసింది. తిట్టినా బాగుండేది. తప్పయిపోయింది పిన్నీ, ఇంకొకటి వేసిస్తానని ఏడ్చాను. ఆవిడ వినిపించుకోలేదు. కుర్చీలో కూర్చుని, సెలవు మధ్యలో పిలుపొచ్చి ఆయన బయల్దేరిన రోజు సంగతి చెప్పింది. వీరతిలకం దిద్దాలని భరిణె పట్టుకుని స్టేషన్‌కి వెళ్లిందట. మామగారూ, షెడ్ వాళ్లూ ఆయన చుట్టూ మూగి ఉన్నారట. కొత్తకోడలు. అంతమంది ముందు మొగుడి దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడి దూరంగా నిలబడిపోయిందట.

"బండి కదిలిపోనాది ఉషా. నేను పెట్టనేకపోనాను. అప్పట్నుంచీ ఆయన ఎటూ పోలేక మా ఇంట్లోనే తిరుగుతున్నారు. రోజూ పెరటి తలుపు కాడ నిలబడతారు. ఏటి కావాలో చెప్పరు."

పోయాడని ఆవిడకి ఎప్పుడో తెలుసు. మాకే తెలియనివ్వలేదు.

పిన్ని తన నుదుటి బొట్టుమీద వేలు అద్ది, బొమ్మమీద ఆ ఎర్రటి మరకలో గట్టిగా పెట్టింది. మళ్లీ అద్దింది, మళ్లీ పెట్టింది, తన నుదురు ఖాళీ అయ్యేదాకా.

"ఇంక వెళ్లండి," అంది ఆయనతో.