మొదటి మగ్గం ఆపిన మనిషి

ముసలాయన రెండో బకెట్టు నీళ్ళు మూడో అంతస్తుకి మోసుకొచ్చేసరికి మోకాళ్ళు మొరాయించాయి. పొద్దుటి నుంచీ కుళాయి రాలేదు. మెట్ల మీద ఎదురైనవాళ్ళు పక్కకి తప్పుకున్నారే కానీ, పలకరించిన పాపాన పోలేదు. భార్య పోయాక ఆయనకి గోడలతోనే కాలక్షేపం.

అందుకే కార్మిక సంఘం పంపిన రచయిత తలుపు తట్టగానే ప్రాణం లేచొచ్చింది. ఉన్న ఒక్క కుర్చీ అతనికిచ్చి, తను మంచం అంచున కూర్చున్నాడు. సంఘానికి యాభై ఏళ్ళు నిండాయని పుస్తకం వేస్తున్నారు. అందులో తొలినాటి నాయకుల జీవితాలు, మనిషికో పేజీ. వాళ్ళలో మిగిలింది ఈయనొక్కడే. సభలో శాలువా కప్పుతారట. ఆ తర్వాత సంఘం కుర్రాళ్ళు నెలకోసారి వచ్చి చూసిపోతారట. శాలువా సంగతెలా ఉన్నా, వారం కిందట ఆ రెండో మాట విన్నప్పటి నుంచీ ఆయన కాలు కాలిన పిల్లిలా గదంతా తిరుగుతూ ఈ రోజు కోసమే ఎదురుచూశాడు.

రచయిత తను రాసుకొచ్చింది పైకి చదివాడు. "మంచినీళ్ళకి వెళ్తే పూట కూలీ కోసే ఆ రోజుల్లో, మిల్లులో మొదటి మగ్గం ఆపి సమ్మె మొదలెట్టిన ధీరుడు..."

"ఎవరు బాబూ?"

"మీరే కదండీ!"

"నేను కాదు. మా పక్క మగ్గం అక్క. ఓ పిల్ల దాహంతో కళ్ళు తిరిగి పడిపోయింది. అక్క తన మగ్గం ఆపేసి, 'ఇంకా చూస్తావేంట్రా, ఆపు!' అని నా మీద గయ్యిమంది. హడలిపోయి ఆపాను. యజమాని కంటే అక్కంటేనే భయం నాకు."

రచయిత తల గోక్కున్నాడు. "సంఘంలో పదవి చేసినవాళ్ళకే పేజీ అండి. మొదటి నుంచీ అదే ఆనవాయితీ. ఆనాటి సభ్యుల జాబితాలో ఒక్క ఆడపేరు కూడా లేదు."

"ఎలా ఉంటుంది? అప్పుడు ఆడవాళ్ళని చేర్చుకున్నామా? మర్నాడే మిల్లువాళ్ళు ఆవిణ్ణి గెంటేశారు. మమ్మల్ని మాత్రం చర్చలకి పిలిచారు."

"పోనిద్దురూ పెద్దాయనా, ఇప్పుడెవరికి నష్టం? ఆ ఒక్కటీ తీసేస్తే మీ పేజీలో ఏమీ మిగలదు."

నిజమే. రెండేళ్ళు కోశాధికారిగా చేశాడు, అంతే. సభ కోసం ఇస్త్రీ చేయించిన చొక్కా మేకుకి వేలాడుతోంది. ఊఁ అంటే చాలు, నెలకొకసారైనా ఈ గదిలో ఇంకో గొంతు వినిపిస్తుంది. ఆశ పీకలదాకా ఉంది.

"మిగలకపోతే నా పేజీ తీసెయ్ బాబూ," అన్నాడు. "ఆవిడ గురించి రాయి. ఆవిడ మాటెత్తని సభకి నేను రాను."

రచయిత కాగితం తిరగేసి కలం తీశాడు.

"సరే, అడిగి చూస్తాను. ఆవిడ పేరేంటండీ?"

ముసలాయన నోరు తెరిచాడు. అక్క. షెడ్డంతా అక్క అనే పిలిచేది. ఏళ్ళ తరబడి పక్కపక్కన నేశారు. ఆమె అన్నం డబ్బాలోంచి ఎన్నిసార్లు తిన్నాడో లెక్కలేదు. గేటు బయటికి నెట్టేసినప్పుడు ఆమె వెనక్కి తిరిగి చూసిన చూపు కూడా కళ్ళకి కట్టినట్టుంది. పేరు మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

"చెప్పండి," అన్నాడు రచయిత, కలం కాగితానికి ఆనించి.