బీరప్ప బావ గొట్టం మందు

సాగర్ కట్టకు రాళ్లెత్తుతున్న రోజుల్లో మా బీరప్ప బావకు దాహం పట్టుకుంది. ఆయన నీళ్లు తాగి లేస్తే ఊరి బావి రెండు మెట్లు కిందికి పోయేది. పూటకు పది జొన్నరొట్టెలు తింటాడు, మనిషి మాత్రం కర్రకు తగిలించిన గొంగడిలా వేలాడుతున్నాడు. పెరట్లో ఆయన ఉచ్చ పోసిన జాగాకు మూడూళ్ల చీమలు బారులు కట్టేవి. కొన్ని మూటాముల్లె సర్దుకొని వచ్చాయని నేనంటే మా అక్క గోపమ్మ నవ్వలేదు. మొగుణ్ణి బండెక్కించి హాలియా దవాఖానకు తీసుకుపోయింది.

కాంపౌండర్ ఇస్రాయేలు నిదానంగా చెప్పాడు. "ఒంట్ల ఇన్సులిన్ అనే రసం తక్కువైంది పెద్దాయనా. తిన్నది కడుపుల అరుగుతాంది, నెత్తురులకు పోతాంది. కండలకు పోనిచ్చే తాళంచెవే లేదు. గందుకే నువ్వు తిన్నదంతా ఉచ్చల తీపై చీమలపాలు."

రోజూ పొద్దున తొడకు సూది, సూది తర్వాత తప్పకుండా తిండి, మందుబుడ్డి చల్లగా ఉండడానికి తడి ఇసుక కుండలో. ఇంత చెప్పి, సూది వేసుకోవడం ఇద్దరికీ నేర్పి పంపాడు.

శివరాత్రి దాటగానే మేత కోసం మా గొర్రెల మందలు కృష్ణ ఒడ్డుకు కదలాలి. ముప్పై ఏళ్లుగా మంద ముందు నడిచేది బావే. ఈసారి అక్క అడ్డం పడింది.

"చీమలు పోతేనే నువ్వు పోవుడు. లేకుంటే మంద జానయ్య ఎంబడి పోతది."

జానయ్యంటే నేను.

"వీనెంబడా?" అన్నాడు బావ. "వీడు కతలు చెప్పుకుంట నడిస్తె గొర్లు నిద్రపోతయి."

నిజమే కాబట్టి నాకు కోపం రాలేదు. అయితే తోడేలును గొంగడితో కొట్టి తరిమిన ఆ మనిషికి సూదంటే భయం. నన్ను కొట్టం వెనక్కి పిలిచాడు.

"బామ్మర్దీ, గొర్రెకు రోగమొస్తె మందెట్ల పోస్తం?"

"వెదురు గొట్టం నోట్ల పెట్టి పోస్తం."

"మరి నేను గొర్రెకన్న తక్కువనా?"

"ఎక్కువేం కాదు. పోసుకో బావా. కడుపులకు పోతె ఒంట్లకు పోయినట్టే గద."

ఆ సలహా నాదే. ఒప్పుకుంటున్నాను.

ఆనాటి నుంచి బావ "నేనే ఏసుకుంట" అని అక్కను పంపేసి, సూదిలోని మందును గొట్టంలోకి చిమ్మి, మజ్జిగతో మింగేవాడు. పది రోజులైంది. చీమలు పోలేదు సరికదా, చుట్టాలను పిలుచుకున్నాయి. బావ దొడ్డి దాకా నడిచి కూలబడుతున్నాడు. మంద కదలడానికి ఇంక వారమే ఉంది.

ఒక పొద్దున ఆయన గొట్టం ఎత్తుతుండగా అక్క చూసింది.

"గీ తెలివి ఎవరిది?"

బావ ఆ గొట్టంతోనే నన్ను చూపించాడు.

అక్క నన్ను ఏమనబోయిందో గాని, అప్పుడే పిడకల కుప్ప కిందినుంచి తేలు బయటికొచ్చింది. అక్క పెంచే కోడి దాన్ని కొండితో సహా మింగి, ఇంకోటుందా అన్నట్టు చూసింది.

"తమ్మీ, గా తేలు కోడి కాలుకు కుడితె?"

"కష్టమే అక్కా."

"మింగితె ఏమైంది?"

"ఏం గాలే."

"ఎందుకు గాలే?"

అక్కే చెప్పింది. "కడుపుల రసాలు మాంసాన్నే కరగదీస్తయి, ఇసాన్ని ఇడుస్తయా? గీ మందు గూడ పశువు మాంసంల నుంచి తీసిందేనని ఇస్రాయేలు చెప్పిండు. మింగితె కూర అరిగినట్టు అరిగిపాయె. పది దినాలు నువ్వు ఒట్టి సల్ల తాగినవు."

బావ గొట్టం కింద పెట్టి కోడిని చూశాడు. తర్వాత తొడ చాపాడు.

"కానియ్. కోడిని మాత్రం అవుతలికి తోలు. దాని ముందట ఏడ్వలేను."

మంద కదిలే పొద్దున ముగ్గురం పెరట్లోకి పోయి చూశాం. రెండే చీమలున్నాయి. ఒకటి దారి తప్పినది, రెండోది దాన్ని వెతకడానికి వచ్చింది.

అక్క బావ చేతికి కర్ర ఇచ్చి మంద ముందు నిలబెట్టింది. సూది మందు ఎక్కువై కళ్లు తిరిగితే నోట్లో వేసుకోవడానికి ఆయన గొంగడి కొసకు బెల్లం కట్టింది. గొట్టాన్ని పొయ్యిలో పెట్టింది. తడి ఇసుక కుండను నా నెత్తిన పెట్టింది.

కృష్ణ ఒడ్డు దాకా ఆ కుండ నేనే మోశాను. ఆ చల్లదనానికే నా వెంట్రుకలన్నీ రాలిపోయాయి. నా బట్టతలకు వేరే కారణం ఎవరైనా చెబితే నమ్మకండి.