కంపు కొట్టిన లేసు జాకెట్టు

మిషన్ కాంపౌండులో సువర్ణమ్మగారి కుట్టు క్లాసు పదింటికి మొదలయ్యేది. ఆరు మిషన్లు, పదిమంది ఆడపిల్లలు, ఒకే ఒక్క మంచి కత్తెర. లేసుగుడ్డ మాత్రం ఆవిడ అందరి చేతికీ ఇచ్చేది కాదు. "కింద పేపరు ముక్క పెట్టి కుట్టండి, లేకపోతే మిషను పళ్ళు నమిలేస్తాయి. పైన నోరు మూసుకోండి," అనేది. లేసు దగ్గర అబద్ధమాడితే కుళ్ళిన ఎండుచేపల కంపు లేస్తుందనీ, ఆ సంగతి మీద నిజం చెబితే గానీ పోదనీ నర్సీపట్నంలో తెలియనిదెవరికి? సబ్బులకీ అత్తర్లకీ లొంగే కంపు కాదది.

కృపామణికి మొదట్లో లేసంటేనే రోత. జారుతుంది, సాగుతుంది, సూది దిగాల్సిన చోట చిల్లుంటుంది. ఏడాది తిరిగేసరికి ఆ లేసే ఆ పిల్లకి లోకమైపోయింది. చంకల దగ్గర పువ్వుకి పువ్వు కలిపి, కుట్టు ఎక్కడుందో కనిపెట్టనిచ్చేది కాదు. పనిలో కూర్చుంటే అన్నం సంగతి కూడా గుర్తుండేది కాదు.

డెబ్బై తొమ్మిది వేసవిలో మాకవరపాలెం జాన్ బాబుతో పెళ్ళి కుదిరింది. తన పెళ్ళి జాకెట్టు తనే కుట్టుకుంటూ ఉంటే, ఓ మధ్యాహ్నం అతను దవడన కిళ్ళీతో క్లాసుకే దిగబడ్డాడు.

"పెళ్ళయ్యాక ఈ మిషను మానేయాల. ఊరోళ్ళ ఒళ్ళు కొలిసే పని మా ఇంటి ఆడోళ్ళకి నప్పదు," అని కిటికీలోంచి ఎర్రగా ఉమ్మేశాడు. ఆ ఉమ్ము చూసి కృపామణి లేసుని ఒళ్ళోకి లాక్కుంది.

"అలాగేనండి. నాకూ కుట్టంటే అంత ఇష్టమేటి లేదులెండి," అంది.

"అదృష్టవంతురాలివే, మంచి సంబంధం," అంది పక్క మిషను మీదున్న రోలుగుంట లోవలక్ష్మి.

అతను గడప దాటాడో లేదో, ఒళ్ళోని జాకెట్టు గుప్పుమంది. పిల్లలందరూ పైటలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"నీ కడుపులో కుళ్ళేనే ఇది!" అని కృపామణి లోవలక్ష్మి మీద విరుచుకుపడింది.

"నాకేటి కుళ్ళు? నాను మనసారా అన్నాను," అని ఆ పిల్ల ఏడ్చేసింది.

నాలుగు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. కృపామణికి లోవలక్ష్మి మొహం చూస్తే అసహ్యం, జాన్ బాబు కిళ్ళీ తలుచుకుంటే అసహ్యం, గుడ్డ కొనిచ్చిన తండ్రి దావీదంటే కూడా అసహ్యమే. చివరికి సువర్ణమ్మగారే జానెడు కొత్త లేసు ముక్క చేతిలో పెట్టింది. "ఇంటికి పోయి ఒక్కదానివే కూకో. ఆవేళ ఎవరేటన్నారో ఒక్కోటీ దీని దగ్గర అను. తిరిగి ఎవరన్నా, మొదట అన్నోళ్ళ మనసునే ఇది పట్టేస్తాది. బేగి తేలిపోద్ది."

పెరట్లో కూర్చుని లోవలక్ష్మి అన్న మాట అంది. ఏ వాసనా లేదు. జాన్ బాబు మాట అంది. లేదు, ఆ ప్రబుద్ధుడు మనస్ఫూర్తిగానే అన్నాడన్నమాట. ఆఖరికి తన మాట తను అంది. ముక్క చేతిలోనే కుళ్ళింది. అక్కడే వాంతి చేసుకుంది. ఎవరి కంపు వాళ్ళకింపు అంటారు గానీ, కృపామణికి ఆ ఇంపు కూడా దక్కలేదు. లోకాన్నంతా రోసినదానికంటే ఎక్కువగా తన నోటిని తను రోసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక జాన్ బాబు తల్లితో సహా వాళ్ళింటికొచ్చి, ఫలహారం పళ్ళేల ముందు కూర్చున్నాడు. కృపామణి ఆ జాకెట్టు తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. అప్పటికీ కంపు కొడుతూనే ఉంది.

"నాకు కుట్టంటే ప్రాణమండి. నాను మాన్ను," అంది. కంపు ఠక్కున ఆగిపోయింది.

దావీదు లేసు సంగతే మరిచిపోయి గారెల పళ్ళెం ముందుకి తోశాడు. "సరదాకి అంటంది బాబూ. మీరన్నా, ఈ సంబంధమన్నా దానికి ఎంతిష్టమో మీకు తెల్దు!"

ఆ మాటకి లేసు రాజుకుంది. అబద్ధం మరీ పెద్దది కాబోలు, ఈసారి ఎండుచేపలు కాదు, చచ్చిన ఎలక కంపు. జాన్ బాబు తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వీధిలోకి పరిగెత్తి, తిన్న గారెలన్నీ కక్కేసింది. జాన్ బాబు ముక్కు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"నాకీ సంబంధం వొద్దు," అన్నాడు.

"నాకూ వొద్దండి," అంది కృపామణి.

ఆ రెండు మాటల్లో ఒకటైనా అబద్ధమై ఇంకాస్త కంపు లేస్తుందేమోనని దావీదు ఆశగా కూతురి ఒళ్ళోకి వంగి వాసన చూశాడు. లేసు శుభ్రంగా కొత్తగుడ్డ వాసన వేస్తోంది.