ఫొటోలో జడలు విప్పిన పాప

కాలవ వాసన.

పాచి, తడిసిన తాటాకు, కిరసనాయిలు... అన్నీ కలిసిన వాసన. గాలి ఇటు తిరిగితే చాలు, పటమట బడిలో ఎనిమిదో తరగతి గదిలోకి వచ్చి కూర్చుంటుంది. పిల్లలు ముక్కు మూసుకుంటారు.

వినీల టీచరు కూడా మూసుకుంటుంది. అందరికంటే ముందే.

ఉద్యోగంలో చేరి ఏడాది. మీది ఏ ఊరని అడిగితే కంకిపాడు అంటుంది. కంకిపాడులో ఆమెకు తెలిసింది బస్టాండు ఒక్కటే.

ఆ రోజు పాఠం — పల్లె వదిలి పట్నం వచ్చినవాళ్ళు ఎక్కడ తలదాచుకుంటారు? హెడ్మాస్టరు సంజీవరావు గారు పాత పేపర్లలోని ఫొటోలు జిరాక్సు తీయించి ఇచ్చారు.

"పుస్తకం చదివితే నిద్రపోతారమ్మా. ఇవి చూపించండి."

మంచి మనిషి. మంచి ఆలోచనే.

మొదటి ఫొటో — బస్టాండులో మూటల మీద కూర్చున్న కూలీలు. రెండోది — రైలు పట్టాల పక్కన వంట చేసుకుంటున్న ఆడవాళ్ళు.

మూడోది తీసింది. వేళ్ళు ఆగిపోయాయి.

కాలవ గట్టు. గుడిసె. గడపలో ఒక ఆడమనిషి, పక్కన జుట్టు విరబోసుకున్న పాప. కింద అక్షరాలు — తుఫానుకు ఊరొదిలి వచ్చిన కుటుంబం, 1990.

ఆ ఆడమనిషి అమ్మ, అమలమ్మ. ఆ పాప వినీల.

పదిహేనేళ్ళలో ఈ ఫొటోను ఆమె ఒక్కసారీ చూడలేదు. తీసిన రోజును మాత్రం ఒక్కసారీ మరవలేదు.

మెడలో కెమెరాతో ఒకాయన గట్టు దిగి వస్తుంటే, ఇళ్ళ స్థలాల ఫొటో అనుకుంది అమ్మ. పట్టాకి ఫొటో తీస్తారని ఎవరో చెప్పగా విన్నది. ఇంకేముంది — పక్క గుడిసె కుల్సుం పండక్కి కట్టే చీర అడిగి కట్టుకుంది. పాప తలకు నూనె రాసి రెండు జడలు వేసింది. పాప చేతే పలక మీద పేరు రాయించి, గుండెకు ఆనించుకుని నిలబడింది.

నవ్వింది కూడా, పిచ్చితల్లి.

"పలక పక్కన పెట్టమ్మా. నవ్వొద్దు. పాత చీర లేదా? పాప జడలు విప్పు" అన్నాడాయన.

విప్పింది. ఇల్లిచ్చేవాడు చెప్తే విప్పదా?

నెల తర్వాత స్థలాలిచ్చే అసలువాళ్ళు వచ్చారు, పేర్లు రాసుకోవడానికి. రమ్మని కుల్సుం ఎంత బతిమాలినా అమ్మ కదల్లేదు. "ఫొటో దిగాం గదా వదినా. మా పేరు ఎక్కడికి పోద్ది?"

కుల్సుంకి స్థలం వచ్చింది. అమ్మ ఆ గుడిసెలోనే ఎదురుచూసింది... ఆ గుడిసెలోనే పోయింది.

"ఏం కనిపిస్తోంది ఇందులో?" అని అడిగింది టీచరు. తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది.

బురద, టీచర్.

మురికి, టీచర్.

"వాళ్ళమ్మ ఆ పిల్లకి తల కూడా దువ్వలేదు టీచర్!"

దువ్వింది. గట్టిగా, నొప్పి పుట్టేలా దువ్వింది.

"అఫ్సానా వాళ్ళ ఇల్లు ఇట్టాగే ఉంటది టీచర్!" వెనక బెంచీ. ఒకటే నవ్వులు.

మూడో బెంచీలో అఫ్సానా తల దించుకుంది. కాలవ గట్టున వాళ్ళ తలుపు మీద పోయిన వారమే మున్సిపాలిటీవాళ్ళు ఎర్ర రంగుతో నంబరు వేశారు. ఖాళీ చేయమన్నారు. ఎక్కడికి పోవాలో చెప్పలేదు.

ఒక్క మాట చాలు. ఆ పాపను నేనే — అంటే చాలు. నవ్వులు ఆగుతాయి. ఆ పిల్ల తల ఎత్తుతుంది.

కానీ రేపటి నుంచి స్టాఫ్‌రూములో గుసగుసలు... కాలవ గట్టు టీచరట. కంకిపాడు కాదట.

"సైలెన్స్" అంది. అంతే అంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

బెల్లు కొట్టారు. అందరూ వెళ్ళారు. అఫ్సానా బల్ల దగ్గరికి వచ్చి ఫొటో మీద వేలు పెట్టింది.

"ఈ పాప ఏమయింది టీచర్?"

"తెలీదమ్మా."

తెలీదట! కన్నతల్లి పక్కన నిలబడ్డ పాప తెలీదట.

"వాళ్ళకి ఇల్లు ఇచ్చారా?"

"ఇవ్వలేదు."

ఆలోచించకుండానే వచ్చేసింది.

అఫ్సానా ఫొటోను చూసింది. టీచరు ముఖంలోకి చూసింది. మళ్ళీ ఫొటోను... ఈసారి చాలాసేపు.

"మీకెట్టా తెలుసు టీచర్?"

వినీల నోరు తెరిచింది.

పిల్ల కదల్లేదు. జవాబు కోసం నిలబడే ఉంది.