రెండో ముద్దాయి నవ్వు

మా ఇంటికి వచ్చిన పోలీసాయన కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, "ఒకసారి నవ్వండమ్మా" అన్నాడు.

నేను పనిచేసేది కళ్ళద్దాల షాపులో. ముక్కు చిన్నదిగా కనిపించే ఫ్రేము కావాలనేవాళ్ళు, అత్తగారు కనపడని అద్దాలుంటే చూపించమనేవాళ్ళు, అన్ని రకాల మనుషులనూ చూశాను. ఇంటికొచ్చి నవ్వమనే పోలీసును మాత్రం చూడలేదు.

"దేనికండీ?"

"కేసులో మొదటి ముద్దాయి మీ అబ్బాయి. రెండో ముద్దాయి, వీడియోలో నవ్వుతున్న గుర్తు తెలియని స్త్రీ. అది మీరేనేమో చూద్దామని."

ముద్దాయివి నువ్వు, ఏదీ కాస్త నవ్వు అంటే ఎవరికి నవ్వు వస్తుంది? ఏడుపు వచ్చింది. పాపం, ఆయన దాన్ని కూడా తల పక్కకి వంచి శ్రద్ధగా విన్నాడు. తర్వాత తన ఫోన్‌లో ఆ వీడియో పెట్టాడు. మా వాడి గొంతు, ఆ వెంటనే నా నవ్వు. అది ఎవరిదో తేల్చడానికి పోలీసు అక్కర్లేదు. "ఇల్లెగిరిపోయేలా ఆ నవ్వేమిటే" అని చిన్నప్పుడు మా అమ్మ రోజూ తిట్టిన నవ్వే అది.

మా వాడి ఘనత కాస్త చెప్పాలి. నోట్లో వేలు పెడితే కొరకలేడని అనుకునేదాన్ని. కొరకడానికి వేలు అక్కర్లేదు, ఇంటర్నెట్ చాలని తర్వాత తెలిసింది. చదువు అటకెక్కించి ఒక ఛానెల్ పెట్టాడు. పేరు 'కుండబద్దలు'. ఉన్నమాట కుండబద్దలు కొట్టినట్టు చెబుతాడట. గది గోడ మీద పెద్ద అక్షరాలతో 'యథార్థవాది లోకవిరోధి' అని రాయించుకున్నాడు. లోకానికి విరోధి అయినంత మాత్రాన ఎవడూ యథార్థవాది అయిపోడని దాని కిందే ఇంకో ముక్క రాయించాల్సింది. కెమెరాకి కనపడే వైపు నీలం లైటు, కనపడని వైపు నేను ఉతకాల్సిన బట్టల గుట్ట. లావుగా ఉన్నవాళ్ళు, నత్తివాళ్ళు, బట్టతలవాళ్ళు, పాట సరిగ్గా పాడలేని పిల్లలు, అందరి గురించీ యథార్థాలు చెప్పాడు. తన గురించి ఒక్కటీ చెప్పలేదు.

లక్షలమంది చూసేవారట. నేను చూసేదాన్ని కాదు. తలుపు సందులోంచి వినపడేది చాలదన్నట్టు మళ్ళీ ఫోన్‌లో కూడానా? అయితే షాపుకొచ్చిన కుర్రాళ్ళు కొందరు, నేను నవ్వితే తలెత్తి, "ఆంటీ, మీ నవ్వు ఎక్కడో విన్నట్టుంది" అనేవారు. నేను మురిసిపోయేదాన్ని కూడా.

పోలీసాయన చూపించిన ఆ వీడియో ఎవరి మీదంటారా? అది మా వదిన మీద. సొంత వదిన కాదు. మా పై అంతస్తులో ఉంటుంది, కారు నడపడం నేర్పుతుంది. కట్టుకున్నవాడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతే, ఒక పాత కారు కొనుక్కుని, దానికి తన వైపు కూడా ఒక బ్రేకు పెట్టించుకుని, వీధిలో సగం మందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది. నాకూ నేర్పింది. ఆ కారు ఇండికేటర్‌కి నత్తి. టిక్కు టిక్కు అని రెండుసార్లు కొట్టుకుని, మూడోది మింగేసి, మళ్ళీ మొదలుపెడుతుంది. ఎంతమంది మెకానిక్కులు చూసినా కుదరలేదు. నేను నేర్చుకుంటున్న రోజుల్లో మా వాడు కూడా వెనక సీట్లో ఫోన్ పట్టుకుని కూర్చునేవాడు. తల్లి ఎక్కడ గుద్దుతుందో చూడాలని సరదా.

తర్వాత వాడూ నేర్చుకున్నాడు. లైసెన్సు పరీక్షలో కారును ఫుట్‌పాత్ ఎక్కించి తప్పాడు. "నువ్వు అద్దం చూడవురా, నీ మొహం ఒక్కటే చూసుకుంటావు. ఇంకొన్నాళ్ళు నేర్చుకో" అంది వదిన. అందరి గురించీ ఉన్నమాట చెప్పే మా యథార్థవాదికి తన గురించి ఉన్నమాట చెబితే కడుపు మండింది. గదిలోకి వెళ్ళి తలుపేసుకుని వీడియో చేశాడు. "ఈవిడ ఎక్కితే కారుకి ఒక పక్క టైర్లే అరుగుతాయి. మొగుడు పారిపోయింది పెళ్ళాం దగ్గర్నుంచి కాదు, లోడు దగ్గర్నుంచి." ఆ వెంటనే ఇల్లెగిరిపోయేలా నా నవ్వు.

వదిన దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. సిగ్నల్ దగ్గర కారు ఆగితే పక్క బండ్ల మీది కుర్రాళ్ళు "లోడు అత్తా" అని అరిచేవారట. ఆమె కిందికి దిగడం మానేసింది. పోలీసాయన వచ్చి వెళ్ళాక నేనే పైకి వెళ్ళాను. తలుపు కొంచెం తెరిచి, "నవ్వడం అయిపోయిందా వదినా?" అంది. వేసేసింది.

కిందికి వచ్చి వాణ్ణి నిలదీశాను.

"అదా, నీ నవ్వు ఎప్పుడో రికార్డు చేసి పెట్టుకున్నానమ్మా. అన్ని వీడియోల్లో అదే వాడతాను. బయట దొరికే నవ్వులు నకిలీగా ఉంటాయి. నీది సహజంగా ఉంటుంది."

"నేను ఎప్పుడు, దేనికి నవ్వానురా?"

"ఏమో, ఎవరికి గుర్తుంటుంది? నువ్వు ఊరికే నవ్వుతుంటావుగా."

అంటే ఇన్నాళ్ళూ వాడు ఎవరిని తిట్టినా, కన్నతల్లి పక్కనే కూర్చుని పడీపడీ నవ్విందన్నమాట. నలుగురిలో నోరెత్తి నవ్వడం ఆ రోజే మానేశాను. షాపులో నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకుని వెనక గదిలోకి పోయేదాన్ని.

లాయరుగారు వచ్చారు. లావుపాటి నల్ల ఫ్రేము, దానికి పవర్ లేని అద్దాలు. తెలివికి అలంకారం కాబోలు. ఆయన నన్ను కూర్చోబెట్టి కేసు విడమరిచి చెప్పారు. "చూడండమ్మా, ఇది ఇంట్లో తల్లీకొడుకులు సరదాగా అనుకున్న మాట, మీరు నిజంగానే నవ్వారు అంటే కేసు తేలిపోతుంది. ఇద్దరికీ చిన్న జరిమానాతో సరి. నవ్వు తెచ్చి అతికించాడని మీరు నోరు జారారో, కావాలని, కూర్చుని, తయారుచేసి అవమానించాడని అవుతుంది. అప్పుడు జైలు దాకా వెళ్ళినా వెళ్ళొచ్చు."

"నేను నవ్వలేదు కదండీ."

"నవ్వు మీదే కదమ్మా."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒక పక్క కన్నకొడుకు జైలు, ఇంకో పక్క వదిన ముందు జన్మంతా ఆ మాటకి నవ్విన మనిషిగా మిగిలిపోవడం. మా ఆయన్ని అడిగాను. ఆయన ఇంట్లో తన వంతు మాటలు కూడా కొడుకుకే రాసిచ్చేసిన మనిషి. "నీ ఇష్టం" అని పేపరు తిప్పారు.

కోర్టు గదిలో ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం రావడం లేదు. జడ్జిగారి కళ్ళద్దాలు ముక్కు మీద నుంచి జారుతుంటే నా చేతులు దురద పెట్టాయి, మర బిగించాలని. అవతలి బల్ల దగ్గర వదిన. నా వైపు చూడలేదు. మా వాడు తెల్లచొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, పాలబుగ్గల పసివాడిలా నిలబడ్డాడు.

వీడియో వేశారు. ఎవరూ నవ్వలేదు. వీడియోలో నేనొక్కదాన్నే నవ్వాను. ఆ నిశ్శబ్దంలో ఆ నవ్వు వింటుంటే నా గొంతు నేనే నొక్కుకోవాలనిపించింది.

మా లాయరుగారికి మాత్రం ఉత్సాహం వచ్చింది. "ఆ నవ్వు ఒక్కటీ మళ్ళీ వేయించండి సార్. వీడియోలో వెనక వచ్చే పాట తీసేసి, ఉత్త నవ్వు. ఎంత సహజంగా ఉందో కోర్టువారు గమనించాలి. ఇంట్లో మనుషులు నవ్వుకునే నవ్వు అది."

వేశారు. మళ్ళీ వేశారు. నవ్వు వెనకాల ఏదో చప్పుడు. టిక్కు, టిక్కు, ఆగింది. టిక్కు, టిక్కు, ఆగింది.

వదిన తలెత్తి నా వైపు చూసింది. ఇన్ని నెలల తర్వాత చూసింది. ఆ చప్పుడేమిటో ఈ గదిలో పోల్చుకున్నది మేమిద్దరమే.

"నవ్వు మీదేనా?" అని జడ్జిగారు నన్ను అడిగారు.

మా వాడు అవునన్నట్టు తల ఊపుతున్నాడు, నాకు నేర్పుతూ. వాడికి నడక నేర్పినప్పుడు నేనూ అలాగే తల ఊపేదాన్ని.

"నాదేనండీ. ఆ మాటకి నవ్వింది మాత్రం కాదు. ఆ మాట అన్నప్పుడు నేను షాపులో ఉన్నాను. ఇది తెచ్చి అతికించింది."

లాయరుగారు కళ్ళద్దాలు తీసేశారు. తీసినా ఆయనకి చక్కగానే కనపడుతుంది.

"మరి దేనికి నవ్వారు?"

చెప్పబోయాను. అవతలి బల్ల దగ్గర వదిన లేచి నిలబడింది.

"నేను చెబుతానండీ. అది నా కార్లో నవ్విన నవ్వు. ఈవిడ ఎడమకి ఇండికేటర్ వేసింది, కుడికి తిప్పింది, వెనక్కి పోయి చెత్తకుండీని గుద్దింది. వదినా, ఎడమకి చెప్పావు, కుడికి తిరిగావు, వెనక్కి వెళ్ళావు, నువ్వు ఎన్నికల్లో నిలబడు, గెలుస్తావు అన్నాను. దానికి నవ్వింది."

వెనక బెంచీల్లో నవ్వులు. జడ్జిగారు కాగితం అడ్డం పెట్టుకున్నారు, భుజాలు కదిలాయి. నా కొంగు నోటికి అడ్డం పోయింది అలవాటుగా.

"రెండో ముద్దాయి మీద నాకు ఫిర్యాదు లేదండీ" అంది వదిన. "మొదటి ముద్దాయి మీద మాత్రం అలాగే ఉంది."

మొదటి తప్పు కదా అని మా వాడికి జైలు తప్పింది. గట్టి జరిమానా, కెమెరా జప్తు, మళ్ళీ ఎవర్నీ ఇలా అననని పూచీకత్తు. తల్లి నవ్వును తల్లిని అడక్కుండా ఎక్కడా వాడకూడదని కూడా జడ్జిగారు రాయించారు. మెట్లు దిగుతుంటే మా వాడు, "తల్లివా నువ్వు?" అన్నాడు. ఆ అనుమానం నాకు రాకపోలేదు, దారి పొడవునా వచ్చింది.

పాత వీడియోలన్నీ నవ్వు తీసేసి పెట్టుకున్నాడు. జనానికి అప్పుడు వినపడింది, ఒక కుర్రాడు గదిలో ఒక్కడే కూర్చుని ఎవరెవరినో తిడుతున్నాడని. 'ఆంటీ ఏది?' అని అడిగినవాళ్ళు కొందరు, అడక్కుండానే పోయినవాళ్ళు చాలామంది.

ఒకరోజు నేను షాపుకి తయారవుతుంటే మైకు పట్టుకుని వచ్చాడు. "అమ్మా, ఒక్కసారి నవ్వవా? అడుగుతున్నానుగా. తిట్లేమీ ఉండవులే."

"దానికేం భాగ్యం. నవ్వించు."

నిజం చెప్పొద్దూ, నవ్వాలనే ఉంది నాకు. కొడుకు నవ్విస్తే బిగబట్టుకునే తల్లి ఎక్కడైనా ఉంటుందా? వాడు మైకు నా ముందు పెట్టి గొంతు సవరించుకున్నాడు. "అదీ... ఎదురింటాయన నడుస్తుంటే..." నేను చూశాను. ఆగాడు. "మీ షాపు ఓనరు బట్టతల..." మళ్ళీ ఆగాడు. తర్వాత మైకు కిందికి దించాడు. లక్షలమందిని నవ్వించానని అనుకున్నవాడి దగ్గర, ఎవరి ఒళ్ళూ ముట్టుకోని మాట ఒక్కటి కూడా లేదు. వాడి ముఖం చూస్తే జాలేసింది.

కింద హారన్ మోగింది. ఈ మధ్య షాపు దాకా నేనే నడుపుతాను, వదిన పక్కన కూర్చుంటుంది. నేను వెళ్ళి స్టీరింగు ముందు కూర్చోగానే ఆమె ఏదో అంది. కొంగు అడ్డం పెట్టుకునే లోపే నవ్వొచ్చేసింది, వీధంతా వినపడేలా.

పైన కిటికీ తెరుచుకుంది. వాడి చేతిలో ఇంకా మైకు ఉంది.

"అమ్మా, దేనికి నవ్వావు?"

నా నవ్వును ఇన్నేళ్ళు వాడుకున్నాడు. దేనికి నవ్వావని వాడు అడగడం ఇదే మొదటిసారి.

"మైకు అక్కడ పెట్టి కిందికి రా. అత్తే చెబుతుంది."

కిటికీ మూసుకుంది. వదిన వెనక సీటు మీద ఉన్న తన సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఇండికేటర్ రెండుసార్లు కొట్టుకుని ఆగుతోంది. వాడు మెట్లు దిగుతున్నాడో, మంచం ఎక్కాడో తెలియదు. ఎందుకైనా మంచిదని బండి తీయకుండా కూర్చున్నాం.