మొదటి దెబ్బ టీ

మా వార్డులో కొత్త నర్సుకి మొదటి దెబ్బ పడిన రోజు మేమంతా కలిసి టీ ఇప్పిస్తాం. రోగి కొట్టినా, రోగి కొడుకు కొట్టినా టీ మాత్రం ఖాయం. ఇరవై రెండేళ్ల కిందట నాకూ ఇప్పించారు. ఇప్పుడా వార్డుకి పెద్ద సిస్టర్ని నేనే.

మేం పొడుగమ్మాయి అని పిలిచే కొత్త నర్సు చేరిన మూడో వారంలో, సెలైన్ మార్చడం ఆలస్యమైందని ఏడో మంచం ముసలాయన కొడుకు దాని చెంప ఛెళ్లుమనిపించాడు. ఎవరినైనా అడిగేదే దాన్నీ అడిగాను.

"ముందు నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు సిస్టర్. ఎడమ చెవిలో హోరుమంటోంది. రిజిస్టర్ ఇవ్వండి, రాస్తాను."

నాకు ఒళ్లు మండింది. మేమంతా దులిపేసుకున్నదాన్ని, నిన్నగాక మొన్న వచ్చిన ఈ పిల్ల పట్టుకుని వేలాడుతుందా? పైగా రాస్తే విచారణ వస్తుంది. ముగ్గురుండాల్సిన చోట ఇద్దరే ఎందుకున్నారని అడుగుతారు. మూడో సిస్టర్ని తొందరగా ఇంటికి పంపింది నేనే.

"రెండ్రోజుల్లో అదే పోతుంది. నాకు పోలేదూ? టీ తాగు," అన్నాను. అందరూ నవ్వారు. బాత్రూంలో జారిపడిందని రిజిస్టర్లో నేనే రాసి, అది సంతకం పెట్టేదాకా నెత్తిమీద నిలబడ్డాను. చెవి చూపించుకోవడానికి సెలవడిగితే, చెంపదెబ్బకి సెలవేమిటని కసిరాను.

హోరు పోలేదు. నెల తిరిగేసరికి ఆ చెవే పోయింది. వెంటనే వచ్చుంటే నిలిచేదన్నాడు చెవి డాక్టరు. సిగ్గుతో చచ్చిపోయాను. తప్పయిందని దానితో అనడానికి మాత్రం నోరు రాలేదు.

నిన్న పొద్దున ఇంకో కొత్త పిల్లని ఒక రోగి అన్న కొట్టాడు. చెవి పట్టుకుని ఏడుస్తోంది. ఈసారి నేనే పరుగున రిజిస్టర్ తెచ్చాను.

"ఉన్నదున్నట్టు రాయి తల్లీ. చెవి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను."

పొడుగమ్మాయి నా చేతిలోంచి రిజిస్టర్ లాక్కుని మూసేసింది.

"నాకు రాయనిది దీనికెందుకు సిస్టర్?" నెమ్మదిగానే అడిగింది.

దాని ముందు నోరెత్తే మొహం నాకేదీ? పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

పొడుగమ్మాయి కొత్తపిల్ల చేతికి టీ గ్లాసు ఇచ్చి, పక్కన కూర్చుని, వినబడే చెవిని దానివైపు తిప్పింది.

"ఏడుపాపు. ముందు నువ్వేమన్నావో చెప్పు."